గోనె పరదా వెనక మిషన్

భూపాలపల్లిలో మా అబ్బాయి ఉండే బొగ్గుగని క్వార్టర్లో వంటిల్లు ఎంతంటే, కోడలు పొయ్యి దగ్గర నిలబడితే నేను గడప బయట నిలబడి మాట్లాడాలి. అంత ఇంట్లోకి మొన్న గిన్నెలు తోమే మిషన్ తెచ్చారు. పెద్దది పట్టదని చిన్నది, గట్టు మీద పెట్టుకునేది. బిగించడానికి వచ్చినతను పళ్లేలు ఎటు తిప్పి పెట్టాలో, గ్లాసులు ఎందుకు బోర్లించాలో ఓపిగ్గా చెప్పి, మీట నొక్కి, "అయిపోయిందమ్మా, ఇగ అదే తోముతది" అన్నాడు. నేను చెవి ఒగ్గి చాలాసేపు నిలబడ్డాను. లోపల నీళ్లు తిరుగుతున్న సన్నటి శబ్దం తప్ప ఏమీ లేదు.

"ఏంది, గింతేనా చప్పుడు?" అన్నాను.

"చప్పుడు లేకుంటెనే మంచిది గద అత్తమ్మా" అని కోడలు నవ్వింది.

ఆమెకేం తెలుసు. నేను చూసిన మొదటి గిన్నెల మిషన్ గూడ్సు బండిలా మోగేది. దాన్ని చేసినాయన పోయాడని అదే వారంలో మా ఆయన పాత స్నేహితుడు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన పేరు రాయను. తన పేరు నలుగురి నోళ్లలో పడటం ఆయనకు బతికున్నప్పుడే ఇష్టం లేదు. పరదా కట్టుకుని మరీ దాక్కున్న మనిషిని ఇప్పుడు వీధిలో నిలబెట్టడం నాకు చేతకాదు.

మాది జనగామ. పెళ్లై డోర్నకల్ రైల్వే క్వార్టర్లకు కాపురానికి వచ్చినప్పుడు ఆ ఊళ్లో నాకు తెలిసిన ముఖం మా ఆయనది ఒక్కటే. అదైనా అప్పటికి సరిగ్గా తెలిసిందని చెప్పలేను. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో కాలేజీలు మూతపడి ఆయన చదువు వెనకపడింది. ఆ విసుగులో దొరికిన మొదటి ఉద్యోగంలో చేరి స్టేషన్లో టికెట్లు ఇచ్చే కిటికీ వెనక కూర్చున్నాడు. క్వార్టర్లన్నీ ఒకే వరసలో ఉండేవి, ఆ వరసను లైను అనేవారు. ఇంటి వెనక కాస్త పెరడు, పెరటికీ పెరటికీ మధ్య నడుమెత్తు గోడ. పక్కింటి పెరట్లో, మా గోడను ఆనుకునే, గోనెసంచులు విప్పి కుట్టిన పరదా ఒకటి వేలాడుతుండేది. స్నానానికేమో అనుకుని నేను అటు చూసేదాన్ని కాదు. ఒకరోజు పొద్దున గాలికి పరదా లేచింది. లోపల గళ్ల లుంగీ మోకాళ్ల మీదికి మడిచి, మోచేతుల దాకా బూడిదతో, గిన్నెల కుప్ప ముందర ఒక మగమనిషి కూర్చుని ఉన్నాడు. నేను గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను.

"కొత్తగ వచ్చిన చెల్లెవా?" అన్నాడాయన, చెయ్యి ఆపకుండా. "జర గా పరదా కిందికి గుంజు తల్లీ. లైనోళ్లు చూస్తే నన్ను బతుకనియ్యరు."

గోడ మీంచి చెయ్యి చాచి పరదా కిందికి లాగాను. మా పరిచయం అలా అయింది. ఆ రోజు నుంచి ఆయన నాకు అన్న, ఆయన భార్య వదిన.

అన్నది నెల్లికుదురు దగ్గరి పల్లె. భూములున్న ఇల్లు. ఆ ఇంట్లో మగవాళ్లు తిని, కంచంలోనే చెయ్యి కడిగి లేస్తారు. ఆ కంచం ఆ తర్వాత ఎటు పోయిందో, మళ్లీ అన్నం వేళకు ఎట్లా మెరుస్తూ వచ్చిందో వాళ్లకు తెలియదు. అటువంటి ఇంట్లో పుట్టి, ఇనుము మీద పిచ్చితో రైల్వేలో ఫిట్టర్‌గా చేరినందుకే ఆయన్ని వింతగా చూశారట. ఇక ఎంగిలి గిన్నెలు తోముతాడని తెలిస్తే ఏమంటారో చెప్పనక్కర్లేదు.

వదిన చేతులు నీళ్లు తగిలితే పగిలేవి. మామూలు పగుళ్లు కావు. వేళ్ల సందుల్లో తోలు లేచిపోయి, ఎర్రగా చీరుకుపోయి, రక్తం వచ్చేది. రైల్వే దవాఖానలో మందు ఇచ్చారు, నీళ్లలో చేతులు పెట్టకు అన్నారు. ఆడదానికి ఆ మాట చెప్పడం ఎంత తేలికో! అన్న మాత్రం ఆ మాట ఇంటికి తెచ్చుకుని అమలు చేశాడు. వంట వదినది, నీళ్లు ముట్టే పని ఆయనది. పనిమనిషిని పెట్టుకోకపోయారా అని నేనూ అడిగాను. పెట్టారట. మిరప ఏరే రోజులు రాగానే ఆమె చేలకు పోయింది, మళ్లీ రాలేదు.

"ఇద్దరం తినేటోళ్లం. నాలుగు బోళ్లు. వాటికో మనిషా?" అనేవాడు అన్న. "తిన్నప్పుడు లేని సిగ్గు తోమేటప్పుడెందుకు చెల్లే?"

సిగ్గు లేదనే మనిషి పరదా ఎందుకు కట్టాడని ఎగతాళి చేస్తే, "గది నా కోసం గాదు. మీ వదినను మాటలంటరని" అనేవాడు. అది నిజమే. మగవాడు తోమితే జనం మగవాణ్ణి చూసి నవ్వుతారు గాని, తిట్టేది ఆడదాన్నే.

ఆయన తోమడం చూడాలి. రైల్వే కాలనీలో బొగ్గు బూడిదకు కరువా? కానీ అది ముట్టేవాడు కాదు. బొగ్గు బూడిద గిన్నెను గీరుతుందని, స్టేషన్ ముందటి హోటల్లో కట్టెల పొయ్యి బూడిద అడిగి తెచ్చి, పాత ధోవతి గుడ్డలో జల్లించి డబ్బాలో పోసుకునేవాడు. గ్లాసులు ముందు, కూర గిన్నెలు తర్వాత, పాలగిన్నె అన్నిటికంటే చివర. పాలగిన్నెను దొరసాని అనేవాడు. "దొరసానికి తొందర పనికిరాదు. నాననియ్యాలె, బతిమిలాడాలె" అంటూ దానితో నిజంగానే మాట్లాడేవాడు. మాడిన గిన్నె వస్తే వదినను పల్లెత్తు మాట అనడు, గిన్నెనే తిడతాడు. తోమిన ప్రతి గ్లాసునూ ఎండకు ఎత్తి, ఒక కన్ను మూసి లోపలికి చూసేవాడు. అలా చూసేటప్పుడు నోరు కాస్త తెరుచుకుని, పెద్ద మీసాల కింద ముఖం చిన్నపిల్లవాడిదై పోయేది.

ఒకసారి మా ఇంటికి భోజనానికి పిలిచాం. తినడం అయ్యీ కాకముందే తన కంచం తనే ఎత్తుకుని పెరట్లోకి నడిచాడు. మా ఆయన గాబరాగా లేచి, "మీరెత్తుడేందన్నా, పెట్టుండ్రి, పెట్టుండ్రి" అని వెంటపడ్డాడు. అన్న వెనక్కి తిరిగి చూసి, "నీది గూడ తెచ్చినవా? తే, ఒక్క నీళ్లల్లనే అయిపోతయి" అన్నాడు. మా ఆయన చేతిలో నిజంగానే కంచం ఉంది, తొందరలో దాంతో సహా లేచాడు. ఆ రోజు మా పెళ్లైన తర్వాత మొదటిసారి నేను మా ఆయన ముందర పగలబడి నవ్వాను. ఆ నవ్వుకు అన్నకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఇంత సరదా మనిషి ఇంటి మీదికి పిడుగు లాంటి కబురు వచ్చింది. అన్న తల్లి వస్తోందని. మా వైపు తల్లిని అవ్వ అంటాం. ఊరి నుంచి వచ్చిన చుట్టం ఒకాయన ఆ కబురుతో పాటు ఇంకోటి కూడా మోసుకొచ్చాడు. కోడలికి పిల్లలు కాలేదు, చేతులతో నీళ్లు ముట్టుకోలేదు, అటువంటిదానితో సంసారం ఎట్లా నడుస్తుందని అవ్వ కేసముద్రంలో ఒక పిల్లను చూసి పెట్టిందట. కొడుకు ఇంట్లో ఎట్లా నడుస్తుందో కళ్లారా చూసి, నడవడం లేదనుకుంటే అక్కడ మాట ఇచ్చేస్తుందట.

"రెండో పెండ్లి చేసుకుంటే నౌకరి ఊడుతది" అన్నాడట అన్న ఆ చుట్టంతో.

"నౌకరి పోతే పోనీ, భూములున్నయి అన్నది మీ అవ్వ" అని ఆయన తిప్పికొట్టాడట.

వదిన గోడ అవతల కూర్చుని ఏడ్చింది. చేతుల్తో కళ్లు తుడుచుకుంటే పగుళ్లు మండుతాయని మోచేత్తో తుడుచుకుంటోంది. "నేను పోత చెల్లే. మా అవ్వగారింటికి పోత. ఆయనను ఇద్దరి నడుమ ఇరికియ్య" అంది. అన్న గుమ్మంలో నిలబడి విన్నాడు. సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ సగానికి కోసిన నూనె డ్రమ్ము ఒకటి, కుట్టుమిషన్ చక్రం, సైకిలు చైను భుజాన వేసుకుని వచ్చాడు.

"గిర్ని వచ్చినంక ఎవ్వలన్న వడ్లు దంచుతున్నరా చెల్లే?" అని అడిగాడు నన్ను.

"లేదు" అన్నాను.

"దంచుతలేదని కోడండ్లను ఎవ్వలన్న తిడుతున్నరా? తిట్టరు. ఎందుకంటే మిషన్ దంచుతది. మా అవ్వ అయితే గిర్ని వచ్చిననాడు దానికి బొట్టు పెట్టింది. మొగోడు బోళ్లు ముట్టద్దు గాని మిషన్ తిప్పచ్చు గద?"

ఆ లెక్క నాకు ఇప్పటికీ అబ్బురమే. ఎంగిలి మొగవాడికి అంటుతుంది గాని ఇనుముకు అంటదు. ఇనుము తిప్పేది మొగవాడు. అంచేత అంటదు. ఆయన డ్రమ్ములో వెదురు తట్ట బిగించాడు, కింద నీళ్లు పోవడానికి తూటు కొట్టాడు, పక్కన పిడి పెట్టాడు. పిడి తిప్పితే చైను, చైను వెంట చక్రం, చక్రం వెంట తట్ట. మొదటి పరీక్షకు నేనూ వదినా నిలబడ్డాం. గిన్నెలు వేసి, బూడిద నీళ్లు పోసి, మూత పెట్టి తిప్పాడు. క్వార్టర్లన్నీ దద్దరిల్లాయి. మూత తీస్తే రెండు గ్లాసులు నుజ్జునుజ్జయి ఉన్నాయి, చెంబుకు సొట్ట పడింది, కంచానికి అంటిన మెతుకు అంటినట్టే ఉంది. దొరసాని చెవి ఊడిపోయింది.

అన్న తల గోక్కున్నాడు. అవ్వ వచ్చే బండి మర్నాడే.

"చప్పుడైతే మంచిగ వస్తున్నది" అన్నాడు చివరికి. "చప్పుడు మిషన్‌ది, తోముడు నాది."

అట్లా మొదలైంది ఆ నాటకం. పరదాను రెట్టింపు మందంగా కుట్టాం. ఎడమ చేత్తో ఖాళీ డ్రమ్ము పిడి తిప్పుతూ, కుడి చేత్తో గిన్నెలు తోమేవాడు. అవ్వ భారీ మనిషి, నెరిసిన జుట్టు, గొంతు ఎత్తిందంటే ప్లాట్‌ఫారం దాకా వినిపించేది. వచ్చిన రోజే, గిన్నెలు మిషన్ తోముతదని అన్న చెప్పగా విని, మిషన్ చూపించమంది. అన్న పరదా తీసి డ్రమ్మును చూపించి, "దగ్గరికి రాకవ్వా, తిరిగేటప్పుడు చీర కొంగు గుంజుతది" అని భయపెట్టాడు. ఆమె దూరం నుంచే తలకాయ ఊపింది. భోజనాలయ్యాక వసారాలో కూర్చుని, పెరట్లోంచి వచ్చే ఆ దడదడ వింటూ, "గిర్ని కంటె జర చప్పుడెక్కువనే ఉన్నది" అని మెచ్చుకుంది. మిషన్ ఆగగానే మెరిసే గిన్నెలు లోపలికి వచ్చేవి. వదిన వైపు మాత్రం ఆమె ఇంకా ఓరగానే చూస్తోంది. కేసముద్రం ఊసు ఎత్తలేదు, వదిలిపెట్టనూ లేదు.

మా ప్రాణం మీదికి తెచ్చింది అవ్వ పగ కాదు, అవ్వ గర్వం. కొడుకు చేసిన మిషన్ గురించి వసారాలో కూర్చుని వచ్చేపోయే ఆడవాళ్లందరికీ చెప్పింది. లైన్లో ఒకరింట్లో పాపకు పేరు పెట్టే విందు జరిగింది. తిన్నవాళ్లంతా లేవగానే అవ్వ వీధిలో నిలబడి, "బోళ్లన్ని మా ఇంటికి తెండ్రి. మా కొడుకు మిషన్ల ఏసి చిటికెల ఇస్తడు" అని కేకేసింది. ఇక చూడండి, గంపలకు గంపలు వచ్చాయి. పప్పు గిన్నెలు, కూర గిన్నెలు, విందు తిన్నవాళ్ల పళ్లేలు, పిల్లలు సగం తిని వదిలేసిన గిన్నెలు. పరదా ముందు గుట్టగా పోసి, మిషన్ మహిమ చూద్దామని ఆడవాళ్లంతా వసారాలో అవ్వ చుట్టూ కూర్చున్నారు.

అన్న ఒక్కడే ఆ గుట్టను లోపలికి లాక్కున్నాడు. దడదడ మొదలైంది. కాసేపటికి మెల్లబడింది, ఆగింది, మళ్లీ మొదలైంది. రెండు చేతుల పని ఒక్క చేత్తో ఎంతసేపు? గోడ ఇవతల నిలబడి వింటున్న నాకు చెమటలు పట్టాయి. ఇక ఉండబట్టలేక చీర ఎగదోపుకుని గోడ దూకి పరదాలోకి దూరాను.

"పిడి నాకియ్యన్నా" అన్నాను. "నువ్వు రెండు చేతులతోని తోము."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ముఖమంతా బూడిద, చెమట. పిడి నాకు వదిలాడు. నేను తిప్పుతున్నాను, ఆయన తోముతున్నాడు. ఖాళీ డ్రమ్ము నా చెవుల్లో మోగుతోంది. కాసేపటికి నాకే నవ్వొచ్చింది, ఆయనకూ వచ్చింది. ఇద్దరం పళ్లు బిగబట్టి నవ్వాపుకుంటున్నాం. ఆ నవ్వులో పడి నేను పిడి ఎక్కువ జోరుగా తిప్పాను కాబోలు, చైను టప్పున తెగింది. చప్పుడు ఆగిపోయింది.

"ఏమైందిరా?" అని వసారాలోంచి అవ్వ గొంతు. ఆ వెంటనే అడుగులు. మేం కదిలే లోపే పరదా పక్కకు జరిగింది.

ఆమె చూసింది. తెగిన చైను పట్టుకుని నేను. నా పక్కన ఖాళీ డ్రమ్ము. కింద ముక్కాలిపీట మీద ఆమె కొడుకు, మోచేతుల దాకా ఊరందరి ఎంగిలి. అతని చేతిలో ఎవరిదో తెలియని పళ్లెం. ఆమె వెనక, గుమ్మంలో, రెండు చేతులూ కొంగులో దాచుకుని వదిన.

అన్న లేవలేదు. "అవ్వా" అన్నాడు, అంతే. ఆ మాటలో అబద్ధమాడినవాడి భయం ఉంది. అంతకంటే ఎక్కువగా, దీన్ని నా నుంచి లాక్కోకు అనే బతిమాలుడు ఉంది. నేను ఆయన్ని అట్లా ఎప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

అవ్వ కొడుకును చూసింది. తిరిగి కోడలి కొంగును చూసింది. పరదా వదిలేసి వసారాలోకి నడిచింది.

"మిషన్ వేడెక్కింది" అని ఆమె ఆడవాళ్లతో అంటుంటే మాకు స్పష్టంగా వినబడింది. "ఇయ్యాల్టికి ఇంతే. మిగిలినయి ఎవ్వలయి వాళ్లు తీస్కపోండ్రి."

కొంపలు మునిగాయనే అనుకున్నాం. నలుగురిలో పరువు కాపాడుకుంది గాని, లోపల తేల్చేసుకుని ఉంటుందని. ఆ రోజంతా ఆమె కొడుకుతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే మూట కట్టుకుని బండికి బయల్దేరింది. కేసముద్రంలో దిగితేనే వాళ్ల ఊరికి తోవ, పిల్ల వాళ్ల ఇల్లూ అక్కడే. బయల్దేరేటప్పుడు వదిన కాళ్లకు మొక్కితే, "పైలం" అని జాగ్రత్త మాత్రం చెప్పింది. అన్న స్టేషన్ దాకా వెళ్లి, బండెక్కించి వచ్చి, మధ్యాహ్నం డ్యూటీకి కూడా పోకుండా తెగిన చైను ఒళ్లో పెట్టుకుని పెరట్లో కూర్చున్నాడు. ఆ తర్వాత రోజుల్లో ఆయన గిన్నెలతో మాట్లాడటం మానేశాడు. వదిన ట్రంకుపెట్టె సర్దుకుని మంచం కిందికి తోసి పెట్టుకుంది. అటు చూసి చూడనట్టు ఇద్దరూ ఆ పెట్టె పక్కనుంచే తిరిగేవారు.

వాళ్ల ఊరి రైతు ఒకాయన కేసముద్రం మార్కెట్లో పత్తి అమ్ముకుని, ఏదో పని మీద డోర్నకల్ వచ్చి అన్న ఇంటికి వచ్చాడు. నేను అప్పుడు వదినకు చింతపండు ఇవ్వడానికి వెళ్లి ఉన్నాను. అన్న ఆయనకు మంచినీళ్లిచ్చి, అడగలేక అడిగాడు.

"అవ్వ కేసముద్రంల దిగిందా?"

"దిగింది. పిల్లోళ్ల ఇంటికే పోయింది" అన్నాడాయన. వదిన గోడకు జారగిలబడింది. "నేను ఆడనే ఉన్న. కూసోమంటే గూడ కూసోలే. నిలబడే చెప్పింది. మా కొడుకింట్ల మిషన్ ఉన్నది, మా కోడలికి ఏం కొదువ లేదు, ఇంకో మనిషి అక్కెర లేదు, మీ పిల్లకు వేరే సంబంధం చూసుకోండ్రి అని చెప్పి ఎల్లిపోయింది." ఆయన నీళ్లు తాగి చెంబు కింద పెట్టాడు. "ఊర్ల గూడ అందరికి గదే చెప్తున్నది. గంత గొప్ప మిషన్ ఏందన్నా అది? జర నాకు గూడ చూపియ్యరాదు?"

అన్న నవ్వబోయాడు. మీసం వణికింది గాని నవ్వు రాలేదు. "ఉండు, జర నూనె పోసొస్త" అని పెరట్లోకి వెళ్లి పరదా వెనక దూరాడు.

ఎంతకూ రాలేదు. ఆ పొద్దు తోమాల్సిన గిన్నెలు ఒక్కటీ లేవు. తెగిన చైను ఇంకా గుమ్మం పక్కనే పడి ఉంది. అయినా పరదా వెనక, చైను లేని పిడి డ్రమ్ముకు కొట్టుకుంటూ ఒకటే గిరగిర తిరుగుతున్న చప్పుడు. ఏ మగవాడైనా లోపల వెక్కివెక్కి ఏడుస్తుంటే బయటికి వినబడనివ్వనంత చప్పుడు. రైతు లేవబోతే వదిన కన్నీళ్ల ముఖంతోనే నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టింది.

"కూసోన్నా" అంది. "మిషన్ నడుస్తున్నది."